నీలం పోగు

తెల్లవారి ఆరు గంటలకు రఫూ మాస్టారు తన కారు సీటును బొటనవేలితో నిమురుతూ కూర్చున్నారు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ వేలికి అదే పని. ఎదురుగా గుడ్డ కనిపిస్తే చాలు, దానంతటదే వెళ్ళి పడుగు మీద ఒకసారి, పేక మీద ఒకసారి నడిచి వస్తుంది. బస్సులో ముందు మనిషి కాలరు మీదికి వెళ్ళింది. ఒకసారి బ్యాంకు మేనేజరుగారి గదిలో కర్టెను మీదికి కూడా వెళ్ళింది. "ఏమిటండీ?" అని మేనేజరు అడిగితే "ఏం లేదండీ, పోగు లేచింది" అన్నారు మాస్టారు. నిజంగానే లేచింది.

కారు కొని ఇది మూడో రోజు. మూడు రోజులుగా ఆయన మొహమైనా కడుక్కోకుండా రెండంతస్తులు దిగి వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంటున్నారు. ఎక్కడికీ వెళ్ళరు. స్టీరింగు పట్టుకుంటారు. అద్దం సర్దుతారు, సర్దిన అద్దాన్ని మళ్ళీ సర్దుతారు. నోటితో ఇంజను చప్పుడు మాత్రం చేయలేదు. చేయాలని చాలా ఉంది.

మనిషి సన్నగా ఉంటారు. ఎప్పుడూ గుడ్డ మీదికి వంగి ఉండడం వల్ల మెడ ముందుకు వచ్చి, నిలబడ్డా కూడా ఎవరి బొత్తామో లెక్కపెడుతున్నట్టుంటారు. భూతద్దం పెట్టుకునే ఎడమ కన్ను కుడికన్ను కంటే కాస్త చిన్నది. ఎడమచేతి చూపుడువేలి కొసన సూదిపోట్ల మచ్చలు. ఊళ్ళో పెద్ద లాండ్రీకి ముందున్న గాజు కిటికీ పక్కన ఒక స్టూలు, ఒక దీపం, ఒక డబ్బా. అదే ఆయన ఆఫీసు. సిగరెట్ కాల్చిన చిల్లు, ఎలుక కొట్టిన అంచు, మేకు పట్టి చీల్చిన మోకాలు, ఏదైనా సరే, అదే గుడ్డ మడతలోంచి పోగులు లాగి, ఒక్కొక్కటీ కలిపి, చిల్లు ఉందన్న సంగతి చిల్లే మరిచిపోయేట్టు చేస్తారు. ఆయనకు ఒక్కటే నియమం. ఎలా చిరిగిందని ఎవరినీ అడగరు.

యాభై ఎనిమిదో ఏట డ్రైవింగు నేర్చుకుని కారు కొన్నారంటే, అది అక్క కోసం. కానీ ఏ కారు కొనాలో తేల్చింది మాత్రం ఆయన బొటనవేలే. పాతకార్ల యార్డులో తెల్లచొక్కా డీలరు బానెట్ ఎత్తి చూపిస్తుంటే మాస్టారు అటు చూడనైనా లేదు. నేరుగా లోపల కూర్చున్నారు. బూడిదరంగు మీద సన్నటి గళ్ళ గుడ్డ. పదకొండేళ్ళ కారు. ఒక్క పోగు లేవలేదు, ఒక్క మరక లేదు.

"ఈ గుడ్డ చూసే కొంటున్నాను బాబూ. సీటు ఇంత శుభ్రంగా ఉంచుకున్న మనిషి ఇంజను పాడుచేసుకుంటాడా?" అన్నారు.

"పెద్దవారు, ఒక్క ముక్కలో చెప్పారు" అన్నాడు తెల్లచొక్కా, బానెట్ దించేస్తూ.

ఇవాళ పొద్దున కూడా అద్దాలకు లోపలివైపు చెమట పట్టి ఉంది. మొదటిరోజు మాస్టారు అది తన ఊపిరే అనుకున్నారు. అంత సంతోషంలో మనిషి ఎంత ఊపిరి వదులుతాడో ఎవరు చూశారు? రెండో రోజు మంచు అనుకున్నారు, ఎండాకాలమైనా. ఇవాళ రుమాలుతో తుడిచి చూస్తే, రుమాలు పిండితే నీళ్ళు కారేట్టుంది. అప్పుడు వాసన పట్టారు. డ్యాష్‌బోర్డు మీద పెట్టిన నిమ్మకాయ సెంటు అడుగున ఇంకో వాసన ఉంది. ఆ వాసన ఆయనకు తెలుసు. పీకలదాకా నాని, ఎండ తగలకుండా ఆరిన గుడ్డ వాసన.

పక్క సీటు, అంటే అక్క కూర్చోవాల్సిన సీటు, దాని వీపు వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమారు. ఎక్కడో ఒక ప్లాస్టిక్ క్లిప్పు ఊడింది. గుడ్డ అంచు తిరగబడి ఆయన చేతిలోకి వచ్చింది. సెల్‌ఫోను వెలుగులో చూశారు.

తిరగబడిన వైపు, బూడిదరంగు పోగుల చివర, ఒక్కటే ఒక్క నీలం పోగు.

మాస్టారు ఫోను ఇంకా దగ్గరికి తెచ్చారు. ప్రతి పనిలోనూ ఆఖరి పోగు ఆయన నీలంది వేస్తారు. లోపలివైపు, ఎవరికీ కనిపించని చోట. ఆ ఒక్క పోగే మొత్తం పనికి గొళ్ళెం. పని నేర్పిన గురువు చెప్పిన మాట అది. మనం చేసిందేదీ లోకానికి కనిపించకూడదు, కానీ మన కోసం ఒక్కటి ఉంచుకోవాలిరా అన్నాడాయన. ఇన్నేళ్ళలో చేతిలోంచి వెళ్ళిన నీలం పోగు ఒక్కటి కూడా మళ్ళీ ఆయన కంటపడలేదు. ఇదే మొదటిది.

మూడు నెలల కిందటి చుట్ట గుర్తొచ్చింది. లాండ్రీ ఓనరు తాడు కట్టిన నాలుగు గుడ్డ చుట్టలు, ఒక్కొక్కటి ఒక్కో రంగుది, తెచ్చి, "కుర్చీ గుడ్డలు మాస్టారూ, గోదాంలో తడిశాయట" అన్నాడు. ఒక్కొక్కదానికీ అడ్డంగా, స్కేలు పెట్టి గీసినట్టు, రెండు వేళ్ళ వెడల్పున గోధుమరంగు గీత. ఆ మేర గుడ్డ చివికిపోయింది. మాస్టారు చివికినదంతా కత్తిరించి, దిగువ మడతలోంచి పోగులు తీసి, ఇరవై రోజులు కూర్చుని నాలుగూ కొత్తగా నేశారు. బతుకంతటిలో అంత గొప్ప పని చేయలేదని అప్పుడే అనుకున్నారు. ఏ కుర్చీ, ఎవరి గోదాము అని మాత్రం అడగలేదు. నియమం కదా.

మాస్టారు పకాలున నవ్వారు. ఎంత గట్టిగా అంటే, గోడవారన పడుకున్న కుక్క లేచి, ఇదేం మనిషిరా అన్నట్టు చూసి, అవతలి గోడకు మారింది.

మెట్లు రెండేసి చొప్పున ఎక్కారు.

అక్క కిటికీ దగ్గర టీ తాగుతోంది. డెబ్బై ఏళ్ళు. పెద్ద మనిషి, పెద్ద గొంతు, అరిగిపోయిన మోకాళ్ళు. ముప్పై నాలుగేళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసింది. ఒక్క కిటికీ కూడా లేని గదిలో, చెవులకు యంత్రం తగిలించుకుని, ఊరందరినీ ఒకరితో ఒకరిని కలిపింది. ఊళ్ళో ప్రతి గొంతూ ఆమెకు తెలుసు. ఊరు మాత్రం తెలియదు. ఆమెకూ ఒక నియమం ఉంది. విన్నది బయటపెట్టదు. అది ఉద్యోగం నేర్పిన నియమం, కానీ ఉద్యోగం పోయి పన్నెండేళ్ళయినా అది పోలేదు.

"కారేమన్నా కరిచిందేంట్రా, అలా ఉరికొస్తున్నావు?" అంది.

"అక్కా! దొరికింది! నా నీలం పోగు దొరికింది!"

"ఎక్కడ పారేసుకున్నావు?"

"పారేసుకోలేదు. కార్లో ఉంది. నీ సీట్లో!" అని జరిగింది మొత్తం ఒక్క గుక్కలో చెప్పేశారు.

అక్క టీ కప్పు కింద పెట్టింది. "ఉండుండు. అంటే ఆ కారు చిల్లు కుట్టింది నువ్వే."

"కుట్టలేదక్కా, నేశాను."

"నువ్వే నేశావు. ఆ నేత చూసి నువ్వే కొన్నావు."

"అవును!"

"మరి ఏడవకుండా నవ్వుతావేంట్రా?"

"నాకే కనబడలేదక్కా!" మాస్టారు గదిలో నిలబడలేక అటూ ఇటూ తిరుగుతున్నారు. "పట్టపగలు, ఈ చేత్తోనే, తడిమి తడిమి చూశాను. నా పని నాకే దొరకలేదు. ఇంకెవరికి దొరుకుతుంది చెప్పు!"

"బాగుంది. నిన్ను నువ్వే ముంచుకుని, ఎంత బాగా ముంచానో అని మురిసిపోతున్నావు." అక్క కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. "నేను మొదటిరోజే చెప్పాను. ఇక్కడినుంచి విన్నాను దాని గొంతు. ఏదో మింగి మాట్లాడుతోందన్నానా లేదా?"

"అన్నావు."

"విన్నావా?"

"లేదు."

"సరే. అది పక్కన పెట్టు. ఇవాళ కొండెక్కుతామా లేదా?"

మాస్టారు ఆగిపోయారు. అసలు సంగతి అదీ. ఊరి పక్కన కొండ ఉంది. దాని మీది రోడ్డులో ఏడో వంపు దగ్గర నిలబడితే ఊరంతా అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుందట. బస్సు అక్కడ ఆగదు. ఆగినా బస్సు మెట్లు అక్క ఎక్కలేదు. తను కలిపిన ఊరు ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలని అక్క ఎక్స్ఛేంజి మూతపడ్డ రోజు అన్నది. మళ్ళీ అనలేదు. ఒక్కసారే అంది కాబట్టే మాస్టారు మరిచిపోలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. కారు కాగితాల్లో ఒక చీటీ ఉంది. మూడు రోజుల్లోపు నచ్చకపోతే, తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే వెనక్కి ఇవ్వచ్చు. మూడో రోజు సాయంత్రం ఆరు గంటల వరకు. ఆ మూడో రోజు ఇదే.

"ముందు స్పానరక్కకి చూపిస్తాను" అన్నారు మాస్టారు.

వీధి చివర గ్యారేజి ఆమెది. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. జుట్టులో పెన్సిలు బదులు సన్నటి స్పానరు గుచ్చుకుంటుంది కాబట్టి స్పానరక్క. మాస్టారు ఆమె నాన్న వయసువారైనా ఆయన కూడా అలాగే పిలుస్తారు.

స్పానరక్క కారు చుట్టూ ఒకసారి తిరిగింది. పక్క సీటు ముందు కార్పెట్ మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు ఉబికాయి.

"మాస్టారూ, ఈ బండి ఈత కొట్టింది."

"ఇంకా ఏమున్నాయి?" అన్నారు మాస్టారు, గారడీవాడి ముందు కూర్చున్న పిల్లాడిలా.

ఆమె డిక్కీ తెరిచి, స్టెప్నీ తీసి, అడుగున చూపించింది. ఎండిన ఒండ్రు. అందులో ఒక బుల్లి నత్తగుల్ల. "మీ కార్లో కాపురం ఉన్నాడు ఈయన" అని తీసి మాస్టారి చేతిలో పెట్టింది. సీటు పట్టాల కింద తుప్పు. దాని మీద నల్లరంగు, అదీ తుప్పు గరుకుతనం కనబడకుండా స్పాంజితో అద్దినట్టు. వైర్ల కొసల్లో పచ్చటి పొడి. తలుపు రబ్బర్లు నాలుగూ కొత్తవి, కానీ పాతబడినట్టు కనిపించాలని గరుకు కాగితంతో రుద్దారు.

"ఎవరు చేశారమ్మా ఇది? ఎంత చక్కగా రుద్దాడో చూడు!" ఒక్కొక్క లోపం బయటపడిన కొద్దీ మాస్టారి కళ్ళు పెద్దవవుతున్నాయి. రబ్బరును వేలితో నిమిరారు. తనలాంటివాడే ఇంకొకడు ఎక్కడో స్టూలు మీద వంగి కూర్చుని, వచ్చిన పని ఎవరిదని అడగకుండా చేసుకుపోతున్నాడు.

"మీరు సంతోషపడుతున్నారా మాస్టారూ, నాకు భయమేస్తోంది" అంది స్పానరక్క. స్టీరింగు ఎడమవైపు తిప్పింది. హారను దానంతటదే మోగింది. బ్రేకు నొక్కింది. వైపర్లు ఊగాయి. ఇండికేటర్ వేసింది. వెనక అద్దం జుయ్‌మని కిందికి దిగిపోయి, ఎంత బతిమాలినా పైకి రాలేదు.

"వైర్లన్నీ ఒకళ్ళతో ఒకళ్ళు ఏదేదో మాట్లాడుకుంటున్నాయి. వారం నడవచ్చు, నెల నడవచ్చు. ఒకరోజు నడిరోడ్డు మీద నోరు మూసేసుకుంటుంది. వెనక్కిచ్చెయ్యండి."

"ఇస్తాను. కానీ కొండ?"

స్పానరక్కకు కొండ సంగతి తెలుసు. ఆ వీధిలో అందరికీ తెలుసు. మళ్ళీ కారు కిందికి దూరింది. పావుగంట తర్వాత బయటికొచ్చి నల్లటి చేతులు తుడుచుకుంది.

"బ్రేకులు బాగున్నాయి. ఇంజను విప్పి కడిగారు, లేదని చెప్పి పాపం కట్టుకోను. మెల్లగా వెళ్ళండి. ఈ వేడి చూపే ముల్లు ఇక్కడికొస్తే ఆపి చల్లారనివ్వండి. ఇవాళ ఒక్కరోజుకి నాదీ పూచీ. రేపటిది అడక్కండి."

"రేపు మా దగ్గర ఉండదుగా" అన్నారు మాస్టారు. ఆ మాట అనేశాక అది ఎలా ఉందో ఆయనకు అప్పుడు తెలిసింది.

పదింటి నుంచి ఒంటిగంట దాకా పని. లాండ్రీ కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని ఒక డాక్టరుగారి కోటు జేబు ముందేసుకున్నారు. సూది రెండుసార్లు తప్పింది, ఇరవై ఏళ్ళలో తప్పనిది. అప్పుడే ఒకాయన ప్యాంటు తెచ్చాడు. వెనకవైపు జానెడు చినుగు. మాస్టారు చినుగు చూశారు, మనిషిని చూశారు, నోరు ఆగలేదు.

"ఎలా చిరిగిందండీ?"

ఆ ప్యాంటాయన బిత్తరపోయాడు. ఇన్నేళ్ళుగా వస్తున్నాడు, ఈ కిటికీలోంచి ప్రశ్న రావడం ఇదే మొదలు. తర్వాత మొహం విప్పారింది. గేటు దూకాడట. సొంత ఇంటి గేటే. తాళంచెవి మరిచిపోయాడట, భార్య తలుపు తీయలేదట. ఎందుకు తీయలేదో పది నిమిషాలు చెప్పాడు. చివర్లో, "ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదులెండి" అని తనే ఒప్పేసుకుని, బరువు దించుకున్నవాడిలా వెళ్ళిపోయాడు. చినుగుల వెనక ఇంత కథ ఉంటుందా అనుకున్నారు మాస్టారు. ముప్పై ఎనిమిదేళ్ళు ఎంత వినోదం పోగొట్టుకున్నానో అనుకున్నారు.

రెండున్నరకు అక్కను కారెక్కించారు. స్పానరక్క ఒకవైపు, మాస్టారు ఒకవైపు పట్టుకుని మెట్లు దింపారు. అక్క చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని, సీటు మీద వెనక్కి వాలి, "నేత బాగుందిరా" అంది. తడి కార్పెట్ మీద మాస్టారు పాత దుప్పటి పరిచారు.

కొండరోడ్డు మొదటి వంపు ఎడమకు. మాస్టారు స్టీరింగు తిప్పగానే హారను పెద్దగా మోగింది. వంపు దగ్గరే బోర్డు ఉంది, హారను కొట్టి వెళ్ళవలెను అని.

"పర్లేదురా, చదువుకున్న కారు" అంది అక్క.

రెండో వంపు కుడికి, మౌనం. మూడోది ఎడమకు, హారను. బ్రేకు నొక్కితే ఎర్రటి ఎండలో వైపర్లు ఊగుతున్నాయి. ఎదురొచ్చిన లారీ డ్రైవరు ఆకాశం వైపు చూశాడు, వాన వస్తోందేమోనని. అక్క నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసేసింది. వెనక అద్దం తెరిచే ఉంది, కొండగాలి లోపలికి దూరి ఆమె తెల్లజుట్టంతా రేపేసింది. ముల్లు పైకి జరుగుతోంది. నాలుగో వంపు దగ్గర ఆపారు, సీసాలో నీళ్ళు తామే తాగారు, చల్లారనిచ్చి మళ్ళీ కదిలారు. ఆరో వంపులో ఇంజను ఒకసారి దగ్గింది. మాస్టారి చేతులు స్టీరింగుకు అతుక్కుపోయాయి.

"ఏం కాదు. ఎక్కనివ్వు. గొంతు సవరించుకుంటోందంతే" అంది అక్క, చెవి అటు పెట్టి. తర్వాత, "ఇప్పుడు నిజం మాట్లాడుతోంది" అంది.

ఏడో వంపు.

రోడ్డుపక్క పిట్టగోడ, దాని అవతల ఊరు. మాస్టారు కారును గోడకు ఎదురుగా నిలిపారు. అక్క దిగలేదు, దిగాల్సిన పనీ లేదు. ముందు అద్దం నిండా ఊరే. కప్పులు, చెట్లు, నీళ్ళ ట్యాంకు, స్టేషను, దారం ఉండ విప్పి పడేసినట్టు వీధులు.

అక్క కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. తర్వాత వేలు చాపింది. "ట్యాంకు పక్కన ఉన్నదే కదా ఆస్పత్రి? అయితే దాని వెనక వీధిలో మూడు-సున్నా-రెండు నంబరు. గడియారాల కొట్టాయన. రోజూ నాలుగింటికి ఫోను చేసేవాడు. అక్కడా ఉండేది! నేను స్టేషను దగ్గర అనుకున్నాను, వెనకాల రైలు చప్పుడు వినబడేది." వంగి చూసింది. "ఓహో, గాలి అటునుంచి కొడుతుందన్నమాట! అదిగో, ఒకటి-ఐదు-ఐదు. ఆ పొడుగు మేడ. ఆవిడ ఫోన్లో పాట పాడేది, అవతల ఎవరూ లేకపోయినా. రెండు-రెండు-తొమ్మిదికీ ఒకటి-ఐదు-ఐదుకీ మధ్య ఒక్క గోడేనా! ఏళ్ళ తరబడి పది ఊళ్ళ దూరం ఉన్నట్టు మాట్లాడుకున్నారు!"

ఆమె గొంతు పెరుగుతోంది. నంబరు తర్వాత నంబరు. మాస్టారు ఆమె వేలు చూపించిన చోటల్లా చూస్తున్నారు. ఊరి మీద అక్క వేలు ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా వెళ్ళి వస్తోంది. ఎవరు ఏం మాట్లాడారో ఇంకా చెప్పడం లేదు, ఎవరు ఎక్కడున్నారో మాత్రమే. కానీ చెప్పకుండా ఇన్నేళ్ళు ఎలా మోసిందో ఆమె చెంపలు చూస్తే తెలుస్తోంది. చిన్నపిల్ల చెంపల్లా కందిపోయాయి.

"చాలురా" అంది చివరికి. "ఇంక ఎవరి ఇల్లు వాళ్ళకి ఇచ్చేశాను. పద, దీన్ని కూడా ఇచ్చేద్దాం."

ఐదుంపావుకు యార్డుకు చేరారు. తెల్లచొక్కా డీలరు ఒక కొత్త జంటకు ఎర్రకారు చూపిస్తున్నాడు. మాస్టారిని చూసి చేతులు చాపుకుంటూ వచ్చాడు. మాస్టారు చీటీ, తాళంచెవి, నత్తగుల్ల మూడూ బల్ల మీద పెట్టారు.

డీలరు నత్తగుల్లను చూసి ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించాడు. "అయ్యో, నేను కూడా మోసపోయానండీ. నాకు అమ్మినవాడు చెప్పలేదు. మీ మీద ఒట్టు."

"ఆ కుర్చీ గుడ్డలు లాండ్రీకి పంపింది నువ్వే కదా బాబూ. వాటిని నేసింది నేనే" అన్నారు మాస్టారు.

తెల్లచొక్కా మొహం దీపం వెలిగించినట్టయింది. "మీరా! ఆ చేతులు మీవా! నేను ఎన్నాళ్ళనుంచో వెతుకుతున్నాను మాస్టారూ, ఆ లాండ్రీవాడు చెప్పి చావడు. ఇంకో ఆరు బళ్ళు వస్తున్నాయి. మధ్యలో వాడెందుకు, మీరూ నేనూ నేరుగా..."

"మిగతా మూడూ ఏవి?"

"ఏ మూడు?"

"నాలుగు చుట్టలు నేశాను. ఒకటి నేను కొన్నాను. మిగతా మూడు."

"అవెప్పుడో వెళ్ళిపోయాయి. వారంలోనే! మీలాగే అందరూ గుడ్డ చూసే పడిపోయారు." డీలరు పొగడ్త అనుకునే అన్నాడు.

పొద్దుటినుంచీ మాస్టారి ఒంట్లో ఎగిరెగిరి పడుతున్నదేదో అప్పుడు మొదటిసారి కూర్చుంది. మూడు కార్లు. ఎవరో ఎక్కడో వాటి సీట్ల మీద చెయ్యి వేసి మురిసిపోతుంటారు. నడిరోడ్డు మీద ఒకరోజు నోరు మూసుకుంటే వాళ్ళ పక్కన స్పానరక్క ఉండదు.

ఆయన మాట్లాడకుండా వెళ్ళి కారు వెనక సీట్లో కూర్చున్నారు. జేబులోంచి బుల్లి కత్తెర, సూది తీశారు. పక్క సీటు వీపు అంచు తిరగేసి, నీలం పోగు పట్టుకున్నారు. "అక్కా, కాస్త ముందుకు వంగు" అన్నారు.

నీలం పోగు జారిపోయింది. దాని వెనక బూడిదరంగు పోగులు ఒక్కొక్కటీ, నేర్పు తెలిసిన చేతికి లొంగి, కదిలి వచ్చేశాయి. ఐదు రోజుల పని. పది నిమిషాలైనా పట్టలేదు. నేసినప్పుడు ఎంత హుషారొచ్చిందో విప్పుతుంటే అంత హుషారూ వస్తోందని ఆయనకే ఆశ్చర్యమేసింది. సీటు వీపుకు అడ్డంగా రెండు వేళ్ళ వెడల్పున నోరు తెరుచుకుంది. లోపల స్పాంజి మట్టి పట్టి నల్లగా ఉంది.

"ఏం చేస్తున్నారు!" డీలరు పరుగెత్తుకొచ్చాడు. "కాగితంలో ఏం రాసుంది? తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే ఇవ్వాలి!"

"అలాగే ఇస్తున్నాను బాబూ. మొదట నా చేతికి వచ్చినప్పుడు ఇది ఇలాగే ఉంది."

కొత్త జంట దగ్గరికి వచ్చారు. "ఏంటండీ ఆ గీత?" అంది ఆ అమ్మాయి.

"నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయమ్మా" అన్నారు మాస్టారు, తన గుండెల దగ్గర చెయ్యి అడ్డంగా పెట్టి చూపిస్తూ.

అమ్మాయి వెనక్కి తిరిగి ఎర్రకారు సీట్లవైపు చూసింది. డీలరు నవ్వబోయాడు. "ఊరికే అంటున్నారు మేడమ్. ఈ ఒక్క బండే అలా వచ్చింది. మిగతావన్నీ పక్కా. నా మాట నమ్మండి."

ముందు సీట్లో అక్క తల ఎత్తింది.

"ఇంకోసారి అను నాయనా ఆ మాట."

"ఏ మాటండీ?"

"నాలుగు-ఒకటి-ఆరు!" అక్క ఒళ్ళో సంచీ మీద చరిచింది. "ఎంతసేపట్నుంచో అనుకుంటున్నా ఈ గొంతెక్కడిదా అని. మీ ఇంటి నంబరు నాలుగు-ఒకటి-ఆరు. పరీక్షల ఫలితాలొచ్చిన రోజు స్టేషను ఫోన్ బూత్‌లోంచి చేశావు. 'పాసయ్యాను నాన్నా, నా మాట నమ్ము' అన్నావు. నీ వెనకనుంచి ఇంకొకడు, 'ఒరేయ్, మనిద్దరం తప్పాంగా, మరి నేనేం చెప్పను?' అన్నాడు. ఆ కాల్ కలిపింది నేనే. ముప్పై ఏళ్ళు, ఎవరికీ చెప్పలేదు."

కొత్త పెళ్ళికొడుకు ముందు నవ్వాడు. తర్వాత ఆ అమ్మాయి. డీలరు చెవులు ఎర్రబడ్డాయి. ఒక్క క్షణం ఆ తెల్లచొక్కాలో పదహారేళ్ళ పిల్లాడు కనిపించాడు. "మా నాన్నకి... తెలుసా?" అన్నాడు, నోరు జారి.

"నేను చెప్పలేదు నాయనా. నీ గొంతు చెప్పేసి ఉంటుంది" అంది అక్క, జాలిగానే.

ఐదు ముప్పావుకల్లా చీటీ మీద సంతకం పడింది, డీలరు ఇవ్వాల్సిన డబ్బు ఇచ్చేశాడు. కొత్త జంట అప్పటికే గేటు దాటారు. మాస్టారు ఆఖరిసారి డ్రైవరు సీట్లో కూర్చున్నారు. అద్దం సర్దారు. స్టీరింగు పట్టుకున్నారు. ఎవరూ చూడట్లేదని తెలుసుకుని, నోటితో చిన్నగా, చాలా చిన్నగా, ఇంజను చప్పుడు చేశారు. చేతిలో ఇంకా నీలం పోగు ఉంది. జేబులో వేసుకోబోయి ఆగారు. వేరేచోట పెట్టి దిగారు.

టాక్సీలో అక్క మోకాళ్ళు రుద్దుకుంటోంది. "రేపు పొద్దున్నే లేచి ఎక్కడ కూర్చుంటావురా?"

"మెట్ల మీద కూర్చుంటాను. మిగతా ముగ్గురి సంగతి తేల్చాలక్కా. లాండ్రీవాడిని అడిగితే, వాడు ఇంకొకడిని అడిగితే, ఎక్కడో దొరుకుతారు."

"అడుగుతావా? నువ్వు?"

"అడుగుతాను." మాస్టారి మెడ మళ్ళీ ముందుకు సాగింది, కళ్ళు మెరిశాయి. "తర్వాత ఇంకో కారు చూద్దాం. ఈసారి నేను తడుముతాను, నువ్వు విను."

"ముందు నేను వింటాను. ఆ తర్వాతే నీ వేలు" అంది అక్క.

వెనకాల యార్డు గేటు మూస్తున్నారు. మూడో వరసలో బూడిదరంగు కారు, పక్క సీటు వీపున తెరుచుకున్న గీతతో నిలబడి ఉంది. పైకి రానని మొండికేసిన వెనక అద్దంలోంచి గాలి వచ్చినప్పుడల్లా, గేరు రాడ్డు మెడకు రెండు చుట్లు చుట్టి వదిలిన నీలం పోగు కొస సన్నగా ఊగుతోంది.